మందిచ్చిన మహనీయుడు... దారిచ్చే మూత్రపిండాలు

చిన్న మాత్ర. చాలా కంపెనీలవి పసుపు పచ్చగా ఉంటాయి. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోక, కాఫీ గ్లాసు పట్టుకోలేక, జడ కూడా అల్లుకోలేక అవస్థపడే ఎందరో ఆడవాళ్లకు ఆ మాత్రే ఆసరా. దాని పేరు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో ఇదొకటి. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అందుకే ఈ మాత్ర మన ఇళ్లల్లో అమ్మల దగ్గరో, అత్తగార్ల దగ్గరో ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ మాత్ర పుట్టింది అమెరికాలోని ఓ మందుల కంపెనీ ప్రయోగశాలలో. అక్కడ పరిశోధనలన్నీ నడిపించినాయన మాత్రం అచ్చంగా మన గోదావరి జిల్లా మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితం ఎంత గొప్పదో ఆయన మందు కూడా అంత గొప్పది. కాకపోతే ఆ మందుకో షరతు ఉంది. ఒంట్లోకి వెళ్లి పని చేశాక అది మూత్రపిండాల దారిన బయటికి వెళ్లిపోవాలి. ఆ దారి మూసుకుపోతే మందే విషమవుతుంది. సుబ్బారావుగారి కథ చెప్పుకుంటూ ఆ సంగతీ తెలుసుకుందాం.

అమ్మ పట్టుదల

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇంటి భారమంతా వెంకమ్మ మీద పడింది.

పిల్లాడికి చదువు మీద అంత ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్లప్పుడు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన! వెంకమ్మ ఊరుకుంటుందా? వెతికించి వెనక్కి రప్పించి మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టింది. ఒంటి మీది నగలు అమ్మి ఆ తల్లి కొడుకును చదివించిందని చెబుతారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. వెంకమ్మ ససేమిరా అంది. మిషన్ వాళ్లు కూడా తల్లి అనుమతి లేకుండా చేర్చుకోలేదు. చివరికి వైద్యం చదివి నలుగురికీ సేవ చేద్దామని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. మూడుసార్లు రాసి మెట్రిక్ పాసయిన కుర్రాడు ఇక వెనక్కి చూడలేదు.

ఖద్దరు తెచ్చిన తంటా

అవి స్వాతంత్య్రోద్యమం రోజులు. సుబ్బారావు ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ అనే తెల్లదొరకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ ఇవ్వలేదు. దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. దాంతో సర్కారు వైద్య ఉద్యోగానికి దారి మూసుకుపోయింది. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణం పాఠాలు చెప్పే పనిలో చేరారు.

అంతకుముందే ఇంటి మీద పిడుగులాంటి కష్టం పడింది. స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో ఇద్దరు సోదరులు పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నెత్తురు పలచబడిపోతుంది. ఇదీ ఆ జబ్బు తీరు. సుబ్బారావునూ అది పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పంతం ఆయనలో అప్పుడే పాతుకుపోయింది.

1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు. ఆయన సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ముతోను 1920ల మొదట్లో సుబ్బారావు అమెరికా ఓడెక్కారు. కొద్ది ఏళ్లలో తిరిగి వస్తారని శేషగిరి అనుకుంది. ఆయన మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు. పుట్టిన కొడుకును తండ్రి ఒక్కసారైనా చూడలేదు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. పాపం, ఆ ఇల్లాలి వైపు నుంచి చూస్తే ఈ గొప్ప కథకు మరో ముఖం కనిపిస్తుంది.

రాత్రి పని

బోస్టన్‌లో మన డిగ్రీకి విలువ లేదు. డాక్టరుగా పని చేసే వీల్లేదు. పొట్ట గడవాలి, హార్వర్డ్‌లో చదువూ సాగాలి. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడగడం, పక్కలు సర్దడం ఆయన పని. పుట్టింది ఎలాంటి ఇంట్లో, చేసిన పనేమిటి అని ముక్కున వేలేసుకుంటాం మనం. ఆయన మాత్రం ఏ పనికీ నామోషీ పడలేదు.

ఉష్ణదేశాల వ్యాధుల వైద్యంలో డిప్లొమా తీసుకున్నాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. అక్కడ ఇద్దరూ కలిసి చేసిన పని చూడండి. నెత్తురులోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతి! నమూనాలో రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. ఎంత చిక్కటి నీలమైతే భాస్వరం అంత ఎక్కువన్న మాట. 1925లో ప్రకటించిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతా ల్యాబుల్లో దశాబ్దాలపాటు వాడారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల నెత్తురులో భాస్వరం పేరుకుపోతుంది. అంటే మూత్రపిండం పారబోయలేని సరుకును లెక్కగట్టే సాధనమూ అదే అయింది.

ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. మనం ఒక అడుగు వేసినా, కనురెప్ప ఆడించినా ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీ నుంచి వచ్చేదే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్లిపోయారు.

బొంబాయి తల్లుల నుంచి...

ఇక్కడ ఇంకో ఆడమనిషి గురించి చెప్పుకోవాలి. ఆమె లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ. 1920ల చివర్లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు నెత్తురెందుకు పలచబడుతోందో పరిశీలించింది. ఈస్ట్‌తో చేసే మార్మైట్ అనే పదార్థం తినిపిస్తే ఆ తల్లులు తేరుకున్నారు. అందులో ఏదో తెలియని పోషకం ఉందని తేల్చింది. అదే తర్వాత ఫోలిక్ ఆసిడ్ అయింది.

ఆ ఫోలిక్ ఆసిడ్‌ను 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసి చూపింది సుబ్బారావు బృందం. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందుగా పనికొచ్చింది. సోదరులను మింగిన జబ్బుకు జవాబు దొరికింది. ఇవాళ గర్భిణులకు ఆస్పత్రిలో ఇచ్చే ఫోలిక్ ఆసిడ్ మాత్ర వెనక ఆయన చెయ్యి ఉంది.

అదే సమయంలో బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఓ సంగతి గమనించారు. నెత్తురు క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థాలిస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా రెచ్చిపోతోంది. మరైతే ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకునే మందిస్తే? సుబ్బారావు బృందం అలాంటివి తయారుచేసి పంపింది. డోరిస్ సీగర్ అనే రసాయన శాస్త్రవేత్త కూడా ఈ తయారీలో ముఖ్యురాలు. అలా వచ్చిందే అమినోప్టెరిన్. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

దీని కిటుకు సులువే. చూడ్డానికి అచ్చు ఫోలిక్ ఆసిడ్‌లా ఉంటుంది, కణం మోసపోతుంది. తాళంలో వేరే తాళంచెవి పెట్టి విరిచేస్తే ఏమవుతుంది? అసలు తాళంచెవి ఇక దూరదు కదా! ఫోలిక్ ఆసిడ్ పని ఆగిపోతుంది. గబగబా పెరిగే క్యాన్సర్ కణాలు పెరగలేక చస్తాయి.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది శాశ్వతం కాదు, కొన్నాళ్లే. అయినా నెత్తురు క్యాన్సర్‌కు మందంటూ ఒకటి ఉందని ప్రపంచానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో, నిద్రలోనే, సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. గుండెపోటు. ఇక్కడ శేషగిరి ఎదురుచూపులు అలాగే మిగిలిపోయాయి.

ఆయన ప్రయోగశాల మనకిచ్చిన మరో మందు హెట్రజాన్. మన ఊళ్లల్లో ఏనుగుకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. 1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

మందు బతికింది

మనిషి పోయినా మందు పోలేదు. 1951లో గబ్నర్ అనే డాక్టర్ ఈ జాతి మందుతో కీళ్లవాతం, సోరియాసిస్ తగ్గుతున్నాయని గమనించారు. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ మరో అద్భుతం చూపారు. కాన్పు తర్వాతో, గర్భస్రావం తర్వాతో కొందరు ఆడవాళ్లకు మావి కణాల నుంచి కోరియో కార్సినోమా అనే క్యాన్సర్ వస్తుంది. అప్పట్లో అదొచ్చి ఊపిరితిత్తులకు పాకితే బతకడం కల్ల. మెథోట్రెక్సేట్‌తో ఆ ఆడవాళ్లు బతికారు. జబ్బు తగ్గుతోందో లేదో తెలుసుకోవడానికి వాళ్లు కొలిచింది దేన్నో తెలుసా? మూత్రంలోకి వచ్చే హార్మోన్‌ను! 1988లో కీళ్లవాతానికి ఈ మందు వాడడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించింది.

పంటకాలువ ఒక్కటే చాలదు

సుబ్బారావు పుట్టిన డెల్టాలో రైతును అడగండి, చెబుతాడు. చేనుకు పంటకాలువ ఎంత ముఖ్యమో మురుగుకాలువా అంతే ముఖ్యం. మురుగుకాలువ పూడిపోతే, పైరును బతికించిన నీళ్లే దాన్ని కుళ్లబెడతాయి. మందు సంగతీ అంతే. లోపలికి వెళ్లే దారి నోరు, లేదా సూది. బయటికి వెళ్లే దారి కొన్ని మందులకు కాలేయం, కొన్నింటికి మూత్రపిండాలు. మెథోట్రెక్సేట్‌కు ప్రధాన దారి మూత్రపిండాలే. అందులో అత్యధిక భాగం రూపం మారకుండానే మూత్రంలో వెళ్లిపోతుంది.

మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో పనికొచ్చేదంతా వెనక్కి తీసుకుని ఒకటిన్నర లీటరు మూత్రంగా వదులుతాయి. ఆ వడపోతలోనే మెథోట్రెక్సేట్ జారుకుంటుంది. మూత్రనాళికల గోడలు కూడా దాన్ని కొంత బయటికి నెడతాయి. కిడ్నీ దెబ్బతింటే ఈ రెండు పనులూ మందగిస్తాయి. మాత్ర వేసుకున్నది ఒకటే అయినా, అది ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. వచ్చేవారం మాత్ర దాని మీద పడుతుంది. అలా పేరుకుంటుంది.

పేరుకున్న మందు మంచి కణాలనూ అడ్డుకుంటుంది. ముందుగా దెబ్బతినేవి వేగంగా పుట్టే కణాలు. నోట్లో, పేగుల్లో పొరలు లేచిపోయి పుళ్లు పడతాయి, విరేచనాలవుతాయి. ఎముకల మూలుగలో నెత్తురు తయారీ మందగిస్తుంది. తెల్లకణాలు తగ్గి జ్వరాలు, ప్లేట్‌లెట్లు తగ్గి ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తాయి. సకాలంలో గమనించకపోతే ప్రాణం మీదకే వస్తుంది.

క్యాన్సర్ వైద్యంలో ఈ మందును చాలా పెద్ద మోతాదులో నరానికెక్కిస్తారు. అక్కడ తమాషా ఏమిటంటే, మందే తన దారిని తాను మూసేసుకోగలదు. మూత్రంలో ఆమ్లగుణం ఎక్కువుంటే అది కరగక స్ఫటికాలుగా నాళికల్లో గడ్డకడుతుంది. కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీ దెబ్బతింటే మందు ఇంకా ఆగిపోతుంది. ఆగిన మందు కిడ్నీని మరింత దెబ్బతీస్తుంది. ఆ గొలుసు తెంపడానికే డాక్టర్లు సెలైన్ బాగా ఎక్కిస్తారు, సోడియం బైకార్బొనేట్ ఇస్తారు. మూత్రం పీహెచ్ 6 నుంచి 7కు పెరిగితే మందు కరిగే శక్తి అయిదు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. నెత్తురులో మందు ఎంత ఉందో పదేపదే కొలుస్తారు. ల్యూకోవోరిన్ అనే మందిచ్చి మంచి కణాలను కాపాడతారు. అది మరేమిటో కాదు, ఫోలిక్ ఆసిడ్‌కు మరో రూపమే! అంటే సుబ్బారావు బృందం ఇచ్చిన ఒక మందుకు విరుగుడు, వాళ్లు తయారుచేసి చూపిన పదార్థం ఇంట్లోంచే వచ్చింది. కిడ్నీ మరీ మొరాయిస్తే నెత్తురులోని మందును ముక్కలు చేసే గ్లూకార్పిడేస్ అనే ఎంజైము ఉంది. 2012లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు డయాలసిస్‌తో ఈ మందు సరిగా పోదు.

మరి మన ఇంట్లో?

కీళ్లవాతానికి వేసుకునేది చిన్న మోతాదే. కిడ్నీలు బాగుంటే, పరీక్షలు చేయించుకుంటూ ఉంటే ఏళ్ల తరబడి హాయిగా వాడుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. భయపడి మీ అంతట మీరు మానేయకండి. కాకపోతే కొన్ని జాగ్రత్తలు తప్పవు.

* ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అనేక దేశాల్లో ఉన్నారు. ఏ వారమో క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. చదువు రాని పెద్దావిడ అయితే మాత్రల పొట్లం ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలి.

* దీంతోపాటు ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఇస్తారు. రెండూ చిన్నవే, రంగూ దగ్గరగా ఉండొచ్చు. వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. ఏ రోజు ఏది వేసుకోవాలో డాక్టరు చెప్పినట్టే చేయండి.

* నొప్పి తగ్గలేదని మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు మింగడం మనకు అలవాటు. వాటిలో చాలావరకు కిడ్నీకి నెత్తురు సరఫరా తగ్గిస్తాయి, మెథోట్రెక్సేట్ బయటికి పోవడాన్నీ అడ్డుకుంటాయి. కీళ్ల డాక్టరే రెండూ కలిపి రాస్తే, పరీక్షలు చూసుకుంటూ రాస్తారు. మీరుగా కొనుక్కోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు వాడే కో-ట్రైమాక్సజోల్ అయితే దీనితో కలిస్తే మరీ ప్రమాదం. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ మాత్ర వాడుతున్నామని ముందే చెప్పండి.

* వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఎండదెబ్బ తగిలినా ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. అలాంటప్పుడు ఆ వారం మాత్ర వేసుకోవాలా వద్దా అని డాక్టరును అడిగాకే వేసుకోండి.

* డాక్టరు చెప్పిన వేళకు క్రియాటినిన్, రక్తకణాలు, కాలేయం పరీక్షలు చేయించండి. బక్కపలచని పెద్దవాళ్లలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ మామూలుగానే ఉన్నట్టు కనిపించినా కిడ్నీ పనితనం తగ్గి ఉండొచ్చు. అందుకే వయసును బట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు మరీను.

* నోట్లో పుళ్లు, గొంతునొప్పితో జ్వరం, కమిలిన మచ్చలు, తగ్గని పొడిదగ్గు, ఆయాసం కనిపిస్తే మరో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నోరు పూసిందిలే, వేడి చేసిందిలే అని మజ్జిగ తాగి ఊరుకోవద్దు.

* గర్భిణులు ఈ మందు వాడకూడదు. బిడ్డ కావాలనుకునేవాళ్లు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

పగలు చదువుకుని, రాత్రి రోగుల మూత్రం పాత్రలు కడిగిన మనిషి సుబ్బారావు. మనం అసహ్యించుకుని పారబోసే దాంట్లోనే ఒంటి గుట్టు దాగుందని ఆయనకు తెలుసు. అందులోని భాస్వరాన్ని కొలిచి పేరు తెచ్చుకున్నారు. ఆయన మందుతో బతుకుతున్న మనమూ ఆ దారిని కాస్త కనిపెట్టుకుని ఉండాలి. ఈసారి అమ్మకో, అత్తగారికో ఆ మాత్ర అందించేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఈ వారం ఇది మొదటిసారేనా? కిడ్నీ పరీక్ష చేయించి ఎన్నాళ్లయింది?